తొమ్మిది ముక్కల మూలలు ఎందుకు కలవడం లేదు? మొదటి బొంత కుడుతున్నవారికి ఒక సమాధానం

ఐదు అంగుళాల చదరపు ముక్కలు తొమ్మిది కోసి మూడు వరుసలుగా కలిపి కుట్టారని, 14 అంగుళాలు రావలసినది ఒక వైపు 13¾, మరొక వైపు 13½ మాత్రమే వచ్చిందని, మూలలు కలవకపోగా మధ్య ముక్క గొడుగులా ఉబ్బిందని రాశారు. కోతలో తప్పు జరిగిందా, లేక అమ్మగారి పాత నూలు చీరలు బొంతకు పనికిరావా అన్నది మీ సందేహం. చీరల మీద అనుమానం పెట్టుకోకండి. మీరు ఇచ్చిన రెండు కొలతలను బట్టి చూస్తే తప్పు ఉన్నది కుట్టు మార్జిన్‌లో, అంటే కుట్టుకూ బట్ట అంచుకూ మధ్య వదిలే బట్టలో.

లెక్క ఇలా ఉంటుంది. ఐదేసి అంగుళాల ముక్కలు మూడు కలిస్తే 15 అంగుళాలు. మధ్యలో రెండు కుట్లు వస్తాయి. ప్రతి కుట్టూ రెండు ముక్కల నుంచీ పావు అంగుళం చొప్పున, అంటే మొత్తం అర అంగుళం, లోపలికి తీసుకుంటుంది. అందువల్ల 14 అంగుళాలు మిగలాలి. 13¾ వచ్చిన చోట ఒక్కొక్క కుట్టు అర అంగుళానికి బదులు 5/8 తీసుకున్నది. 13½ వచ్చిన చోట ముప్పావు అంగుళం తీసుకున్నది. పాత లెక్కల్లో పదహారో వంతును వీసం అంటారు కదా, ఆ మాటలో చెప్పాలంటే మార్జిన్‌గా నాలుగు వీసాలు వదలవలసిన మీరు ఒకచోట ఐదు, మరొకచోట ఆరు వదిలారు. ఒక్క వీసం తేడా కంటికి కనిపించదు, చేతికీ తెలియదు. కానీ అది కుట్టుకు రెండు వైపులా పడుతుంది కాబట్టి ప్రతి కుట్టుకూ పరక, అంటే ఎనిమిదో వంతు అంగుళం, పోతుంది. తొమ్మిది ముక్కల పొడవున్న వరుసలో ఎనిమిది కుట్లు ఉంటాయి. అక్కడికి పూర్తిగా ఒక అంగుళం తరిగిపోతుంది. పక్క వరుసలో అంత తరగకపోతే ఆ రెండింటినీ సాగదీసి కలపవలసివస్తుంది, అలా సాగదీసి కలిపినప్పుడే ఎక్కువైన బట్ట వెళ్ళడానికి చోటులేక మధ్యలో ఉబ్బుతుంది.

మీకు జాకెట్లు కుట్టిన అనుభవం ఉందని రాశారు. నాకు కూడా ముందు అదే అనుభవం, మొదటి బొంతలో నా చేత తప్పు చేయించినదీ అదే. జాకెట్టు కుట్టేటప్పుడు మనం లోపల ధారాళంగా బట్ట వదులుతాము. మనిషి ఒళ్ళు చేస్తే విప్పి వదులు చేసుకోవచ్చునన్న ఆలోచనతో పక్క కుట్టు దగ్గర అంగుళం కూడా ఉంచుతాము. అక్కడ కుట్టు పరక అటూ ఇటూ జరిగినా ఒంటి మీద సర్దుకుంటుంది. బొంతలో ఒక ముక్క తప్పు పక్క ముక్కకు, ఆ వరుస తప్పు కింది వరుసకు చేరుతూ పోతుంది. నా మొదటి బొంత ఒక చివర 42 అంగుళాలు, ఇంకొక చివర 40 అంగుళాల పైచిలుకు వచ్చింది. ఇస్త్రీతో సాగదీసి సరిచేద్దామని చూసి దాన్ని మరింత పాడుచేశాను. ఇప్పుడది మా ఇంట్లో కుట్టు మిషను మీద కప్పే గుడ్డగా పనిచేస్తున్నది.

కాబట్టి ఇంకొక ముక్క కలపకముందు మీ మిషను నిజంగా ఎంత మార్జిన్ వదులుతున్నదో పరీక్షించండి. ఒకటిన్నర అంగుళం వెడల్పు, నాలుగు అంగుళాల పొడవు ఉండే మూడు పట్టీలు కోయండి. వాటిని పొడవు వెంట ఒకదానికొకటి కుట్టి, కుట్లు ఒక పక్కకు మడిచి ఇస్త్రీ చేసి, మధ్య పట్టీ వెడల్పును స్టీలు స్కేలుతో కొలవండి. అది సరిగ్గా ఒక అంగుళం ఉండాలి, మూడు పట్టీలూ కలిపి 3½ ఉండాలి. మధ్య పట్టీ అంగుళం కన్నా తక్కువ వస్తే మార్జిన్ ఎక్కువ పోతున్నట్టు, ఎక్కువ వస్తే తక్కువ పోతున్నట్టు. గుడ్డ టేపును ఈ పనికి వాడకండి. వాడగా వాడగా అది సాగుతుంది.

మిషనులో బట్టను అదిమిపట్టే ప్రెషర్ ఫుట్ అంచును గుర్తుగా పెట్టుకుని కుడితే పావు అంగుళం వస్తుందని చాలామంది నమ్ముతారు. కొన్ని మిషన్లలో వస్తుంది కూడా. కానీ సూది నుంచి ఫుట్ కుడి అంచు దాకా ఉండే దూరం మిషనును బట్టి, బిగించిన ఫుట్‌ను బట్టి మారుతుంది, మీ విషయంలో జరిగినది బహుశా ఇదే. సూదిని పావు అంగుళం గీతలున్న కాగితం మీదికి చేత్తో చక్రం తిప్పి దింపండి. సూది ఒక గీత మీద దిగినప్పుడు కుడివైపు పక్క గీత ఎక్కడ పడుతుందో చూసి, ఆ గీత వెంట సూది కింద ఉండే ప్లేటు మీద కరెంటు పనివాళ్ళు వాడే టేపును నాలుగైదు పొరలుగా అతికించండి. బట్ట అంచు ఆ టేపు గట్టుకు ఒరుసుకుంటూ వెళ్ళాలి. టేపు ఫుట్ కింద ఉండే పళ్ళను కప్పకుండా, బాబిన్ మూతకు అడ్డం రాకుండా చూసుకోండి. కుట్టేటప్పుడు కళ్ళు సూది మీద కాక ఆ గట్టు మీద ఉండాలి. జాకెట్ల అలవాటు ఉన్నవారికి ఇది ఒకటి రెండు రోజులు ఇబ్బందిగానే ఉంటుంది. ఇంకొక సూక్ష్మం: కుట్టును ఒక పక్కకు మడిచినప్పుడు ఆ మడత కూడా పోగంత బట్టను మింగుతుంది. అందువల్ల మార్జిన్ పావు అంగుళం కన్నా ఒక పోగు తక్కువగా ఉండేటట్టు కుట్టాలి. పైన చెప్పిన మూడు పట్టీల పరీక్షలో ఈ పోగు కూడా లెక్కకు వస్తుంది కాబట్టి పరీక్షలో నెగ్గే వరకు టేపును జరుపుతూ పోతే చాలు.

ఇక బట్ట సంగతి. పాత నూలు చీరలు బొంతకు ఎంతో మంచివి; ఎన్నో ఉతుకులు పడి కుంచించుకోవడం, రంగు పోవడం అన్నీ అయిపోయి ఉంటాయి. అయితే చీర అంతా ఒకే తీరున అరగదు. కుచ్చిళ్ళ భాగం, నడుము దగ్గర దోపుకునే భాగం త్వరగా పలచబడతాయి, పమిట చెంగు వైపు గట్టిగా ఉంటుంది. కిటికీకి అడ్డంగా పట్టుకుని చూస్తే పోగులు జారిపోయిన చోట్లు వెలుతురులో తెలిసిపోతాయి. అక్కడి బట్టను పై ముక్కలకు వాడవద్దు, లోపలి పొరలకు వాడండి. జరీ అంచు ఉంటే తీసివేయండి. అది చర్మానికి గీసుకుంటుంది, సూదిని మొండి చేస్తుంది. దర్జీ దగ్గర తెచ్చుకున్న జాకెట్టు ముక్కలను మాత్రం ముందుగా ఉతకాలి. కొత్త నూలు బట్ట మొదటి ఉతుకులో కుంచించుకుంటుంది. మంగళగిరి, పోచంపల్లి వంటి చేనేత ముక్కలు కూడా ఇందుకు మినహాయింపు కావు. ముదురు ఎరుపు, నీలం ముక్కలను తడిపి తెల్లగుడ్డలో చుట్టి పిండి చూడండి. గుడ్డకు రంగు అంటితే ఆ ముక్క బొంతలోకి రాకూడదు. జార్జెట్టు, నైలాను ముక్కలు ఎంత అందంగా ఉన్నా ఈసారికి పక్కన పెట్టండి. అవి జారుతాయి, నూలుకు కావలసిన ఇస్త్రీ వేడిని తట్టుకోవు.

పాత చీర బట్టతో వచ్చే అసలు చిక్కు దాని మెత్తదనం. ఐదు అంగుళాల ముక్కను చేతిలో పట్టుకున్నంత మాత్రానికే అది ఒక మూలకు సాగుతుంది. దీనికి మన ఇళ్ళలో ఉన్న విరుగుడు గంజి. చీరను కోయకముందే ఉతికి, పలుచని గంజిలో ముంచి, నీడన ఆరవేసి, కొద్దిగా చెమ్మ ఉండగానే ఇస్త్రీ చేస్తే బట్ట కాగితంలా నిలబడుతుంది, కత్తెర కింద జరగదు, మిషను పళ్ళ కింద ముడుచుకోదు. నా మాట విని ఈ ఒక్క పని చేస్తే మీ కష్టంలో సగం తగ్గుతుంది. బొంత పూర్తయ్యాక గంజి పోయేటట్టు తప్పక ఉతికి పెట్టండి, లేకపోతే పెట్టెలో పురుగు పడుతుంది.

కోతలో గుర్తుంచుకోవలసినది పోగుల దిశ. పడుగు, అంటే నిలువు పోగుల వెంట లాగితే బట్ట దాదాపు సాగదు, పేక, అంటే అడ్డపోగుల వెంట కొద్దిగా సాగుతుంది, రెంటికీ మధ్యన ఏటవాలుగా లాగితే బాగా సాగుతుంది. జాకెట్టుకు క్రాస్ కటింగ్ ఎందుకు చేస్తామో మీకు తెలుసు. ఒంటికి హత్తుకోవడానికి అక్కడ కావలసిన ఆ సాగుడే ఇక్కడ చేటు చేస్తుంది. ముక్క నాలుగు అంచులూ పోగు వెంటే ఉండాలి. దర్జీ దగ్గర వచ్చిన వంకర ముక్కల్లో ఒక పోగును లాగి చూస్తే అది వెళ్ళిన దారి సన్నని గీతలా కనిపిస్తుంది, దాని వెంట అట్టను ఆనించి గీయండి. అట్ట అని అన్నాను కానీ శుభలేఖల అట్టతో చేసుకున్న నమూనా ముప్పై నలభై సార్లు గీశాక అంచులు అరిగి చిన్నదవుతుంది. పాత ఎక్స్‌రే ఫిల్మును ఐదు అంగుళాల చదరంగా కోసుకుంటే ఆ బాధ లేదు. పెన్సిలు గీత అట్టకు బయట పడుతుంది కనుక కత్తెర గీత లోపలి వైపు నడవాలి. ఒకేసారి నాలుగు పొరలకు మించి కోయకండి. అడుగు పొర జరిగి పై ముక్కకూ కింది ముక్కకూ పరక తేడా వస్తుంది.

ముక్కలు కలిపేటప్పుడు ముందుగా అన్నింటినీ నేల మీద పరిచి, ముదురు రంగులు ఒకేచోట గుంపుగా పడకుండా సర్ది, ఫోనులో ఒక ఫొటో తీసుకోండి. ఆ పైన వరుసకొక అంకె చాక్‌తో తిరగవైపు వేసుకోండి. రెండేసి ముక్కలను మంచివైపులు ఎదురెదురుగా పెట్టి, అంచులు సమం చేసి, కుట్టును అంగుళానికి పది నుంచి పన్నెండు వచ్చేటట్టు పెట్టి కుట్టండి. మామూలు నూలుకు 14వ నంబరు సూది సరిపోతుంది, మరీ పలుచని చీరకు 11వ నంబరు మేలు. ఒక జత అయిపోగానే దారం తెంపకుండా ఒకటి రెండు కుట్లు ఖాళీగా పోనిచ్చి రెండవ జతను ఫుట్ కిందికి తోయండి; జతలన్నీ మామిడాకుల తోరణంలా వరుసగా వేలాడుతూ వస్తాయి, తరువాత మధ్యలో దారాలు కత్తిరించుకోవచ్చు. దారం ఆదా అవుతుందన్నది చిన్న విషయం, మార్జిన్ ఒకే ధోరణిలో పడుతుందన్నది పెద్ద విషయం. చేయి ఒకసారి లయలో పడ్డాక ఆపి మళ్ళీ మొదలుపెడితే మొదటి కుట్టు దగ్గరే వీసం తప్పుతుంది.

మూలలు కలవడానికి మార్జిన్ తరువాత ముఖ్యమైనది ఇస్త్రీ, మీరు దాని ఊసు ఎక్కడా రాయలేదు. బొంతకు ఇస్త్రీ చివర చేసే పని కాదు, ప్రతి కుట్టు తరువాతా చేసే పని. మొదట ముక్కలను తెరవకుండానే కుట్టు మీద పెట్టెను ఒక్క క్షణం ఒత్తిపెట్టాలి. దానివల్ల దారం బట్టలోకి దిగుతుంది. ఆ తరువాత ముక్కలు తెరిచి మార్జిన్‌ను ఒక పక్కకు మడిచి మళ్ళీ ఒత్తాలి. చొక్కా మీద తోసినట్టు ఇస్త్రీ పెట్టెను అటూ ఇటూ తోయకూడదు, ఎత్తి పెట్టాలి. తోస్తే ముక్క ఏటవాలుగా సాగుతుంది. ఇక్కడే మూలల రహస్యం ఉంది. మొదటి వరుసలోని మార్జిన్లన్నీ కుడివైపుకు, రెండవ వరుసవన్నీ ఎడమవైపుకు, మూడవ వరుసవి మళ్ళీ కుడివైపుకు మడవండి. రెండు వరుసలను ఎదురెదురుగా పెట్టినప్పుడు ఒకదాని మార్జిన్ గట్టు రెండవదాని మార్జిన్ గట్టుకు తగిలి ఆగుతుంది. బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని కొద్దిగా జరిపితే ఆ రెండు గట్లూ తలుపు చెక్కలు కలిసినట్టు కలవడం వేళ్ళకే తెలుస్తుంది. అక్కడ కుట్టుకు అటొకటి ఇటొకటి గుండుసూదులు గుచ్చండి, సూది దగ్గరకు వచ్చేముందు ఒక్కొక్కటీ తీయండి. అన్ని మార్జిన్లూ ఒకే పక్కకు మడిస్తే ఆ చోట బట్ట మందమై ఫుట్ ఎక్కలేక పక్కకు జారుతుంది. మీ మూలలు కలవకపోవడానికి ఇదీ ఒక కారణమై ఉండవచ్చు.

రెండు వరుసల పొడవులో చిన్న తేడా ఉంటే పొడవుగా ఉన్న వరుసను అడుగున పెట్టి కుట్టండి. మిషను పళ్ళు కింది పొరను లాగుతాయి, ఫుట్ పై పొరను కొద్దిగా వెనక్కి పడుతుంది. అందువల్ల కిందనున్న అధిక బట్ట కుట్టు పొడవునా సర్దుకుపోతుంది. ఇలా సర్దుకునేది వరుస మొత్తానికి పరక మాత్రమే. అంతకు మించిన తేడా ఉంటే ఏ ముక్క దగ్గర మొదలైందో కొలిచి ఆ కుట్టు విప్పడమే మార్గం. విప్పేటప్పుడు బట్టలను రెండు చేతులతో చీల్చి లాగకండి, పాత చీర అక్కడే చిరుగుతుంది. ఒక వైపు మూడేసి కుట్లకు ఒకటి చొప్పున తెంపితే రెండవ వైపు దారం దానంతట అదే జారి వస్తుంది.

మిషను లేని రోజుల్లో కుట్టాలనుకుంటే చేతికుట్టు కూడా చక్కగా వస్తుంది, కాకపోతే పద్ధతి వేరు. అక్కడ నాలుగున్నర అంగుళాల అట్టతో కుట్టు గీతనే తిరగవైపు పెన్సిలుతో గీసుకుని, మార్జిన్‌ను చుట్టూ అందాజుగా వదిలి కోయాలి. రెండు ముక్కల గీతల మూలలను గుండుసూదితో కలిపి, గీత మీద సన్నని రన్నింగ్ కుట్టు వేస్తూ నాలుగైదు కుట్లకొకసారి ఒక వెనక కుట్టు వేస్తే జారదు. గీత మొదట మొదలై గీత చివర ఆగాలి, మార్జిన్‌లోకి కుట్టు వెళ్ళకూడదు. మా అమ్మమ్మ తరంవారు ఈ కొలతలేవీ లేకుండానే బొంతలు కుట్టేవారు కదా అని మీరు అడగవచ్చు. వారు చాలావరకు చీరలను పొరలుగా పరిచి, చిరిగిన చోట ముక్కలు వేసి, పై నుంచి దారం దూస్తూ పోయేవారు. అక్కడ మూలలు కలవాలన్న నియమమే లేదు. కర్ణాటకలో ఉత్తర కన్నడ ప్రాంతపు సిద్దీ స్త్రీలు కుట్టే కవంది అనే బొంతలోనూ అంతే. అడుగు బట్ట మీద ఒక మూల నుంచి మొదలుపెట్టి, ముక్కల అంచులు మడిచి ఆనిస్తూ, చుట్టూ తిరుగుతూ మధ్యకు చేరుతారు. చివర నాలుగు మూలలకూ పువ్వు అనే చిన్న మడత ముక్కను కుడతారు. కొలతలతో విసుగెత్తినవారికి అది గొప్ప దారి. మీరు చదరాల అమరిక కోరుకున్నారు కాబట్టి ఆ వీసం లెక్క తప్పదు.

మొదటి బొంతకు మంచం పరిమాణం పెట్టుకోవద్దని నా గట్టి సలహా. అడ్డం ఎనిమిది, నిలువు తొమ్మిది, మొత్తం 72 ముక్కలతో చంటిబిడ్డకు సరిపడే బొంత కుట్టండి. పూర్తయ్యాక అది 36½ అంగుళాల వెడల్పు, 41 అంగుళాల పొడవు ఉంటుంది. దీనికి ఒక సౌలభ్యం ఉంది. ఐదున్నర మీటర్ల చీరను 40 అంగుళాలకొక ముక్కగా కోస్తే ఐదు ముక్కలు వస్తాయి, చీర పన్నా, అంటే వెడల్పు, సుమారు 45 అంగుళాలు ఉంటుంది కనుక ఒక్కొక్క ముక్క బొంతకన్నా చుట్టూ దాదాపు రెండేసి అంగుళాలు పెద్దదిగా ఉంటుంది. ఒక ముక్క అడుగుకు, రెండో మూడో లోపలికి సరిపోతాయి. మన వాతావరణానికి లోపల దూది పొర అక్కరలేదు. చీర పొరలే హాయిగా ఉంటాయి, ఉతికితే త్వరగా ఆరతాయి.

పొరలు కలిపేటప్పుడు అడుగు బట్టను తిరగవైపు పైకి ఉండేటట్టు నేల మీద పరిచి, ముడతలు లేకుండా అంచులను టేపుతో నేలకు అంటించి, దాని మీద లోపలి పొరలు, పైన ముక్కల బట్ట వేసి, నడిమి నుంచి అంచులకు బెత్తెడు దూరానికొకటి చొప్పున కచ్చా కుట్లు, అంటే తరువాత తీసివేసే తాత్కాలిక కుట్లు, వేయండి. అంచుల నుంచి మధ్యకు వస్తే ముడత మధ్యలో ఇరుక్కుంటుంది. తరువాత లావు దారంతో చేతి రన్నింగ్ కుట్టు కానీ, మిషను కుట్టు కానీ మళ్ళీ నడిమి నుంచే మొదలుపెట్టి వేయాలి. సరిగ్గా ముక్కల కుట్టు మీద కాకుండా దానికి పావు అంగుళం పక్కన వేస్తే చిన్న తప్పులు బయటపడవు. చివరగా లోపలి పొరలను పై బట్ట అంచుకు సమంగా కోసి, అడుగు బట్టను ఒక అంగుళం మిగిల్చి, అర అంగుళం చొప్పున రెండు మడతలు పైకి వేసి హెమ్మింగ్ చేస్తే వేరే పట్టీ అక్కరలేదు. ఈ పద్ధతిలో చివరి వరుస చదరాలు పావు అంగుళం చిన్నవిగా కనిపిస్తాయి, ముందే తెలిసి ఉంటే కంగారు పడరు.

మీరు ఇప్పటికే కుట్టిన ఆ తొమ్మిది ముక్కలను విప్పవద్దు. విప్పి మళ్ళీ కుడితే ఆ మెత్తని అంచులు ఇంకా సాగుతాయి. నాలుగు వైపులా సమం చేసి కోసి దిండు గలీబు ముందు భాగానికి వాడుకోండి, మధ్య ఉబ్బు దిండు మీద కనిపించదు. కొత్తగా మూడు పట్టీల పరీక్ష చేసి, మధ్య పట్టీ సరిగ్గా అంగుళం వచ్చిన రోజున గంజి పెట్టిన చీరతో మరొక తొమ్మిది ముక్కలు కోసి కుట్టి, నాలుగు వైపుల కొలతలూ రాయండి. 14కు వీసం అటూ ఇటూ వస్తే మిగిలిన 63 ముక్కలు కోయడం మొదలుపెట్టవచ్చు.